చార్లెస్టన్ నుంచి లిటిల్ రాక్ దాకా

నిన్న అర్ధరాత్రి దాటాక షార్లెట్‌లో ఇంటికి చేరాం. బట్టలింకా వాషింగ్ మెషీన్లోనే ఉన్నాయి. ఎల్లుండి ఉగాది. వేపపువ్వు ఎవరింట్లో ఉందా అని అమ్మాయి తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేస్తోంది. ఆ హడావుడిలో పడితే ఈ వారం సంగతులు జారిపోతాయని ఇప్పుడే రాయడానికి కూర్చున్నాను.

జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్ఫై ఒక్క ఏళ్లు సోషల్ చెప్పాను. బోర్డు మీద మూడు గళ్లు గీసి కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా, ఉమ్మడి జాబితా అని పిల్లల చేత రాయించేదాన్ని. అమెరికా వచ్చిన కొత్తలో అల్లుడు అన్నాడు: "మా వీసా ఫెడరల్ వాళ్ల చేతిలో, అంటే కేంద్రం చేతిలో ఉంటుంది అత్తయ్యా. కారు లైసెన్సు స్టేట్ ఇస్తుంది. పాప బడి కౌంటీది, అంటే మన జిల్లా లాంటి దానిది. వీసా కాగితం ఆలస్యమైతే లైసెన్సు కూడా ఆగిపోతుంది." బోర్డు మీది గళ్లు ఒక ఇంటి గుమ్మంలోకి ఎలా వస్తాయో అప్పుడు తెలిసింది. రాష్ట్రాల హక్కులు గొప్పవా, కేంద్రం అధికారం గొప్పదా అని ఈ దేశం కొట్లాడుకున్న చోట్లు నా కళ్లతో చూడాలనిపించింది. మనవరాలికి పన్నెండేళ్లు. బడికి వసంతకాలం సెలవులిచ్చారు. నలుగురం కారెక్కాం.

మార్చి 30, చార్లెస్టన్

ఫోర్ట్ సమ్టర్‌కు పడవ టికెట్టు మనిషికి నలభై డాలర్లకు కాస్త అటూ ఇటూ. అరగంట ప్రయాణం. రేవు ముఖద్వారంలో రాళ్లు పోసి కట్టిన దీవి అది. పాత బొమ్మల్లో చాలా ఎత్తుగా కనిపించే కోట ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల అంతర్యుద్ధంలో దెబ్బలు తిని కుంగిపోయింది. ఇటుక గోడలో ఫిరంగి గుండ్లు ఇప్పటికీ ఇరుక్కునే ఉన్నాయి. పాప ఒకదాని మీద అరచెయ్యి పెట్టి "చల్లగా ఉంది అమ్మమ్మా" అంది.

1860 డిసెంబర్ 20న సౌత్ కరొలైనా సభలో 169 మంది, ఒక్కరూ కాదనకుండా, యూనియన్ నుంచి, అంటే అమెరికా సమాఖ్య నుంచి తప్పుకుంటున్నామని తీర్మానించారు. మరి రేవులో ఉన్న ఫెడరల్ కోట ఎవరిది? రాష్ట్రం మాదంది, వాషింగ్టన్ మాదంది. లోపల మేజర్ రాబర్ట్ ఆండర్సన్, కొద్దిమంది సైనికులు. తిండి నిండుకుంటోంది. లింకన్ తిండి సరుకులు పంపుతున్నానని గవర్నరుకు ముందే కబురు చేశాడు. 1861 ఏప్రిల్ 12 తెల్లవారుజామున నాలుగున్నరకు ఒడ్డు మీంచి ఫిరంగులు పేలాయి. 34 గంటలు పేల్చినా ఆ కాల్పుల్లో ఒక్క ప్రాణం పోలేదు. ఆ తర్వాత నాలుగేళ్లలో ఆరు లక్షలకు పైగా పోయాయి.

మధ్యాహ్నం భోజనం రెడ్ రైస్, బెండకాయ సూపు. రెడ్ రైస్ అంటే టమాటాతో వండిన అన్నం. మన టమాటా బాత్‌కు దగ్గరి చుట్టం. ముగ్గురికి సరిపడా ఉన్న పళ్లెం పద్దెనిమిది డాలర్లు. ఈ వరిని ఇక్కడి బురద నేలల్లో పండించింది పశ్చిమ ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు. వాళ్ల సంతతి గల్లా వాళ్లు ఇప్పటికీ సిటీ మార్కెట్లో గడ్డి బుట్టలు అల్లి అమ్ముతారు. ఒక పెద్దావిడ ముందు వెడల్పాటి బుట్ట చూసి నా కాళ్లు ఆగిపోయాయి. అచ్చం మన చేటే, కాకపోతే గుండ్రంగా ఉంది. వడ్లు చెరగడానికా అని రెండు చేతులతో ఆడించి చూపించాను. ఆవిడ కళ్లు మెరిశాయి. బుట్ట నా చేతికిచ్చి, తను ఖాళీ చేతులతో ఎగరేసి పట్టి చూపించింది. వెల రెండు వందల పైచిలుకు. నేను కొన్నది అరచేతంత బుట్ట, అరవై డాలర్లు. బేరం ఆడలేదు. ఒక్కో బుట్టకు ఎన్ని రోజులు కూర్చోవాలో ఆవిడ వేళ్లే చెబుతున్నాయి.

నడుస్తుంటే ఒక పాత ఇటుక గోడ. ఇటుకలో మూడు చిన్న గుంటలు. పచ్చి ఇటుకను అచ్చులోంచి తీసేటప్పుడు పడ్డ వేలి గుర్తులవి. నా వేళ్లు పట్టలేదు. పాపవి సరిగ్గా పట్టాయి. అంటే ఆ ఇటుక తీసింది ఒక పిల్ల చెయ్యి. పాప వెంటనే వేళ్లు వెనక్కి తీసుకుంది.

రాత్రి హోటల్లో అది అడిగింది. "మా క్లాసులో ఒకబ్బాయి యుద్ధం స్టేట్స్ రైట్స్ కోసం అన్నాడు. టీచర్ బానిసత్వం కోసం అన్నారు. ఏది నిజం?" ఎవరో చెప్పింది ఎందుకు, విడిపోయినవాళ్లే రాసుకున్న కాగితం ఉంది కదా అన్నాను. డిసెంబర్ 24న ఆ సభే కారణాల ప్రకటన ఒకటి ఆమోదించింది. అమ్మాయి ఫోన్లో తీసి ఇస్తే పాప పైకి చదివింది. అందులో వాళ్ల పెద్ద ఫిర్యాదు ఏమిటంటే, ఉత్తరాది రాష్ట్రాలు పారిపోయి వచ్చిన బానిసలను పట్టి అప్పగించడం లేదని, ఫెడరల్ చట్టాన్ని తమ సొంత చట్టాలతో నీరుగారుస్తున్నాయని. మెయిన్, వెర్మాంట్, మసాచుసెట్స్ అంటూ పేరుపేరునా రాశారు. బానిసను వెంటబెట్టుకుని దారిన పోవడానికి కూడా న్యూయార్క్ ఒప్పుకోవడం లేదని రాశారు.

పాప చదవడం ఆపి "అంటే వాళ్లకు కోపం వేరే స్టేట్స్ తమ రైట్స్ వాడుకున్నందుకా?" అంది. పదో తరగతిలో కూడా ఇంత సూటి ప్రశ్న నాకెవరూ వెయ్యలేదు.

పారిపోయిన బానిసలను పట్టి అప్పగించాలన్న 1850 నాటి ఆ ఫెడరల్ చట్టం సంగతి దానికి చెప్పాను. నిందితుడికి జ్యూరీ లేదు. ఫెడరల్ కమిషనర్ ఆ మనిషిని యజమానికి అప్పగిస్తే 10 డాలర్ల రుసుము, విడిచిపెడితే 5. 1854లో విస్కాన్సిన్‌లో జాషువా గ్లోవర్ అనే ఆయన్ను పట్టి బంధిస్తే మిల్వాకీ జనం జైలు తలుపు పగలగొట్టి విడిపించారు. ఆ చట్టం చెల్లదని విస్కాన్సిన్ సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 1859లో వాషింగ్టన్ సుప్రీంకోర్టు వచ్చి, రాష్ట్ర కోర్టుకు ఆ అధికారం లేదంది. అప్పుడు కేంద్రం బలం బానిస యజమానుల వైపు, రాష్ట్రం హక్కు పారిపోయినవాడి వైపు ఉన్నాయి. ఎవరు ఏ జెండా పట్టుకున్నారు అనేదాని కన్నా, ఆ జెండా నీడలో ఎవరు నిలబడ్డారో చూడాలని నాకు ఆ రాత్రి గట్టిగా అనిపించింది.

మార్చి 31, చార్లెస్టన్

ఈస్టర్ ఆదివారం. వీధి నిండా పూల టోపీల ఆడవాళ్లు, లేత రంగు సూట్ల మగపిల్లలు. ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా ఆగి "హ్యాపీ ఈస్టర్, మామ్" అన్నారు. మేమూ అన్నాం.

సెయింట్ ఫిలిప్స్ చర్చి దగ్గర జాన్ కాల్హూన్ సమాధి కోసం వెతికాం. చర్చి పక్కనున్న ఆవరణలో ముప్పావు గంట తిరిగాం. రాళ్ల మీది పేర్లు చదివి చదివి అల్లుడి మెడ పట్టేసింది. చివరికి ప్రార్థన ముగించుకుని వస్తున్న ఒక ముసలాయన వీధి అవతలి ఆవరణ చూపించాడు. చెయ్యి పట్టుకుని దాటించినంత పని చేశాడు. యుద్ధంలో ఉత్తరాది సైన్యం పాడుచేస్తుందన్న భయంతో శవపేటికను తీసి ఇటు చర్చి పక్కన దాచారట. 1871లో మళ్లీ అటు చేర్చారు. మేం ముందు వెతికింది ఆ దాచిన వైపే.

కాల్హూన్ సామాన్యుడు కాడు. దేశానికి ఉపాధ్యక్షుడిగా ఉంటూనే 1828లో, పేరు పెట్టకుండా, ఫెడరల్ చట్టాన్ని తన హద్దుల్లో చెల్లదనే హక్కు రాష్ట్రానికి ఉందని రాసిచ్చాడు. అప్పటి తగవు దిగుమతి సుంకాలది. దక్షిణాది వాళ్లు పత్తి ఇంగ్లండుకు అమ్మి, అక్కడి సరుకు కొనుక్కునేవాళ్లు. ఉత్తరాది మిల్లులను కాపాడే సుంకం వీళ్ల నెత్తిన బండలా పడింది. ఆ బాధ నిజమే. 1832 నవంబర్‌లో సౌత్ కరొలైనా ఆ సుంకాలు చెల్లవని తీర్మానించింది. అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ ఈ నేల మీద పెరిగినవాడే, తానే బానిసల యజమాని. అయినా డిసెంబర్ 10న గట్టి ప్రకటన చేశాడు: ఒక రాష్ట్రం చట్టాన్ని రద్దు చేయగలిగితే ఇక యూనియన్ నిలవదన్నాడు. 1833 మార్చిలో ఒకే రోజున సైన్యాన్ని వాడే చట్టమూ వచ్చింది, సుంకాలు మెల్లగా తగ్గించే చట్టమూ వచ్చింది. రాష్ట్రం సుంకాల మీది తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది, కానీ పంతానికి ఆ సైన్యం చట్టం కూడా చెల్లదని ఇంకో తీర్మానం చేసింది.

బానిసత్వం మేలైనదని సెనేట్‌లో నిలబడి చెప్పింది కూడా ఈ కాల్హూనే. మేరియన్ స్క్వేర్‌లో ఎత్తైన స్తంభం మీద ఉన్న ఆయన విగ్రహాన్ని 2020 జూన్‌లో దించేశారు. సాయంత్రం అక్కడికి వెళ్తే పచ్చిక మీద పిల్లలు రంగు గుడ్లు ఏరుకుంటున్నారు.

ఏప్రిల్ 1, కొలంబియా

రాష్ట్ర శాసనసభ గోడకు ఆరు కంచు నక్షత్రాలున్నాయి. 1865 ఫిబ్రవరిలో ఉత్తరాది సేనాని షెర్మన్ సైన్యం పేల్చిన గుండ్లు తగిలిన చోట్లవి. దెబ్బను పూడ్చకుండా గుర్తు పెట్టుకున్నారు. ఈ భవనం మీద యుద్ధ కాలపు దక్షిణాది జెండా 1960లలో లేచింది, అంటే యుద్ధం అయిపోయిన దాదాపు వందేళ్లకు, నల్లవాళ్లు హక్కులడుగుతున్న రోజుల్లో. 2000లో గుమ్మటం మీంచి దిగి ముందున్న స్మారకం దగ్గరికి చేరింది. 2015 జూన్‌లో చార్లెస్టన్ ఇమాన్యుయెల్ చర్చిలో తొమ్మిది మంది నల్లవాళ్లను కాల్చి చంపాక, జూలై 10న పూర్తిగా దించారు. సంతకం పెట్టిన గవర్నర్ నిక్కీ హేలీ, పంజాబీ తల్లిదండ్రుల బిడ్డ.

ఏప్రిల్ 2, అట్లాంటా

రాత్రి అల్లుడి స్నేహితుడి ఇంట్లో దిగాం. గోంగూర పప్పు, వడియాలు, పెరుగు. నాలుగు రోజుల తర్వాత వేడి అన్నం. భోజనాల దగ్గర మాట రాష్ట్రాల మీదికే మళ్లింది. ఈ దేశంలో ఒక రాష్ట్రాన్ని చీల్చి కొత్తది చెయ్యాలంటే ఆ రాష్ట్ర శాసనసభ ఒప్పుకుని తీరాలి. రాజ్యాంగం నాలుగో అధికరణం మాట అది. మన మూడో అధికరణంలో శాసనసభ అభిప్రాయం అడిగితే చాలు. 2014 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ బిల్లును తిప్పికొట్టినా ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది. ఆ ఇంటాయనది వరంగల్, ఇంటావిడది గుంటూరు. "ఇక్కడి రూలే అక్కడుంటే మాకు తెలంగాణ వచ్చేది కాదు" అన్నాడాయన. "మమ్మల్ని అడగను కూడా అడగలేదు" అంది ఆవిడ. పదేళ్లయినా ఇద్దరి గొంతులోనూ ఆ వేడి తగ్గలేదు. ఆవిడే మళ్లీ ఆయన కంచంలో నెయ్యి వేసింది.

ఏప్రిల్ 3, మాంట్‌గోమరీ

అలబామా శాసనసభ మెట్లెక్కితే వసారాలో నేల మీద ఇత్తడి నక్షత్రం. 1861 ఫిబ్రవరి 18న జెఫర్సన్ డేవిస్ విడిపోయిన రాష్ట్రాల అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన చోటు. అక్కడ నిలబడి కిందికి చూస్తే ఎడమ వైపు ఎర్ర ఇటుకల చిన్న చర్చి. మార్టిన్ లూథర్ కింగ్ 1954 నుంచి 1960 దాకా పాస్టర్‌గా ఉన్నది అక్కడే. పిలిస్తే పలికేంత దూరం. 1965 మార్చి 25న సెల్మా నుంచి 54 మైళ్లు నడిచి వచ్చిన జనం ఈ మెట్ల ముందే ఆగారు. దారి పొడవునా వాళ్లను కాపాడినవాళ్లలో, అధ్యక్షుడి ఆజ్ఞ మీద కేంద్రం కిందికి వచ్చిన అలబామా నేషనల్ గార్డ్, అంటే ఆ రాష్ట్ర సైనిక దళం కూడా ఉంది. ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం వచ్చింది. ఎన్నికల నిబంధనలు మార్చాలంటే ఇలాంటి రాష్ట్రాలు ముందు కేంద్రం అనుమతి తీసుకోవాలంది. 2013లో ఇదే అలబామాలోని షెల్బీ కౌంటీ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆ ఏర్పాటుకు ఆధారమైన సెక్షన్‌ను కొట్టేసింది. రాష్ట్రాలన్నీ సమానమే, కొన్నింటిని వేరుగా చూడకూడదన్నది అక్కడి వాదన.

లించింగ్‌కు, అంటే గుంపు హత్యలకు బలైన నల్లవాళ్ల స్మారకానికి టికెట్టు ఐదు డాలర్లు. మనిషంత ఎత్తు తుప్పురంగు ఇనుప దిమ్మెలు ఎనిమిది వందలకు పైగా, కౌంటీకి ఒకటి. మొదట మన ఎదురుగా నిలబడి ఉంటాయి. నడుస్తున్నకొద్దీ నేల పల్లమై, దిమ్మెలు తల మీద వేలాడతాయి. గుంపు హత్యలకు ఫెడరల్ చట్టం కావాలని కాంగ్రెస్‌లో దాదాపు 200 సార్లు ప్రయత్నించారు. 1922లో ప్రతినిధుల సభ దాటిన బిల్లును దక్షిణాది సెనేటర్లు మాట్లాడి మాట్లాడి చంపేశారు. హత్యలను విచారించడం రాష్ట్రాల పని అన్నారు. రాష్ట్రాలు విచారించలేదు. చట్టం 2022 మార్చి 29కి గాని రాలేదు.

పాప కనబడకపోయేసరికి గుండె గుభేలుమంది. మెడ ఎత్తి దిమ్మెల అడుగున చదువుకుంటూ తిరుగుతోంది. వెతుకుతున్నది మెక్లెన్‌బర్గ్ కౌంటీ, అంటే మా షార్లెట్. దొరికింది. జో మెక్‌నీలీ, 1913. "మన ఊళ్లో" అంది. ఇక కారెక్కేదాకా ఎవరం మాట్లాడలేదు.

ఏప్రిల్ 4, టస్కలూసా

విశ్వవిద్యాలయంలో దారి తప్పాం. స్టేడియం చుట్టూ రెండుసార్లు తిరిగాక ఒక విద్యార్థిని తన సైకిలు పక్కన పెట్టి మాతో నడిచి ఫోస్టర్ ఆడిటోరియం చూపించింది. 1963 జూన్ 11న గవర్నర్ జార్జ్ వాలెస్ ఈ తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. వివియన్ మలోన్, జేమ్స్ హుడ్ అనే ఇద్దరు నల్ల విద్యార్థులు ఫీజు కట్టి చేరడానికి వచ్చారు, అంతే. వాలెస్ రాష్ట్ర సార్వభౌమత్వం మీద రాసుకొచ్చిన ప్రకటన చదివాడు. కెనెడీ ఆ రాష్ట్ర గార్డ్‌నే కేంద్రం కిందికి తీసుకున్నాడు. మధ్యాహ్నం జనరల్ హెన్రీ గ్రాహం, అలబామావాడే, వచ్చి తన గవర్నర్‌ను పక్కకు తప్పుకోమని అడగాల్సి వచ్చింది. వాలెస్ తప్పుకున్నాడు. 1965లో మలోన్ పట్టా తీసుకుంది.

వాలెస్ లాంటివాళ్లు ఊరూరా వల్లించింది 1791 నాటి పదో సవరణను. కేంద్రానికి ఇవ్వని, రాష్ట్రాలకు వద్దనని అధికారాలు రాష్ట్రాలవే అంటుంది అది. కానీ వాక్యం అక్కడితో అయిపోదు. "లేదా ప్రజలవి" అని ఉంది. ఆ రెండు మాటల్లో మలోన్ కూడా ఉంది కదా. ఆ తలుపు ముందు నిలబడ్డప్పుడు నాకు నిజంగా ఒళ్లు మండింది.

ఏప్రిల్ 5, లిటిల్ రాక్

మధ్యాహ్నం ఒక చిన్న హోటల్లో వేయించిన క్యాట్‌ఫిష్, కూరగా అలసందల లాంటి పర్పుల్ హల్ గింజలు. వడ్డించినావిడ నన్ను "హనీ" అని పిలిచి, అడక్కుండానే ఇంకో గరిటె గింజలు వేసింది. నలుగురికి అరవై రెండు డాలర్లు, టిప్పుతో.

సెంట్రల్ హైస్కూల్ ఇప్పటికీ నడుస్తున్న బడి. ముందు అనుమతి తీసుకోనివాళ్లు లోపలికి వెళ్లకూడదు. వీధికి ఇవతల నుంచే చూశాం. 1957 సెప్టెంబర్ 4న గవర్నర్ ఆర్వల్ ఫాబస్ రాష్ట్ర గార్డ్‌ను నిలబెట్టి, అప్పటిదాకా తెల్లపిల్లలకే ఉన్న ఈ బడిలో చేరవచ్చిన తొమ్మిది మంది నల్ల పిల్లలను ఆపించాడు. అందరూ కలిసి వెళ్లాలని ముందు రాత్రి కబురు వెళ్లింది. ఎలిజబెత్ ఎక్‌ఫర్డ్ ఇంట్లో ఫోను లేదు. పదిహేనేళ్ల పిల్ల ఒంటరిగా వచ్చింది. తనే కుట్టుకున్న గౌను వేసుకుని, బడికి మొదటి రోజు కదా. గార్డులు తుపాకులు అడ్డం పెట్టారు. వెనక గుంపు తిట్లు. ఆమె పరిగెత్తలేదు. వీధి చివర బస్టాపు బల్ల దాకా నడిచి వెళ్లి కూర్చుంది.

అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సెప్టెంబర్ 24న కేంద్ర సైన్యంలోని 101వ ఎయిర్‌బోర్న్ దళం సైనికులను పంపాడు. మూడు వారాల కింద పిల్లలను ఆపిన అదే గార్డ్‌ను కూడా కేంద్రం కిందికి తెచ్చాడు. మర్నాడు తొమ్మిది మందీ ముఖద్వారం గుండా లోపలికి నడిచారు. మరుసటి ఏడు సుప్రీంకోర్టు, రాజ్యాంగంపై తన తీర్పు రాష్ట్రాలకు కట్టుబాటేనని చెప్పింది. ఫాబస్ ఊళ్లో ప్రభుత్వ హైస్కూళ్లన్నీ ఏడాది పాటు మూయించాడు. తెల్లపిల్లలవీ, నల్లపిల్లలవీ.

బస్టాపు చోట అచ్చం అలాంటి బల్లే ఇప్పుడు పెట్టారు. పాప వెళ్లి కూర్చుంది. అమ్మాయి ఫోటో తీస్తానంటే వద్దంది. నేను పక్కన కూర్చున్నాను. ఎదురుగా బడి వదిలారు. నల్లపిల్లలు, తెల్లపిల్లలు, మన ముఖాల లాంటివి కూడా రెండు మూడు, సంచులు ఊపుకుంటూ మెట్లు దిగుతున్నారు. ఒకమ్మాయి మా ముందు నుంచి పోతూ పాప బూట్లు చూసి బాగున్నాయంది. పాప నవ్వింది. బస్సు వచ్చింది. మేం ఎక్కేవాళ్లం కామని చెయ్యి ఊపితే, డ్రైవరు తలూపి వెళ్లిపోయాడు.